ఏఆర్‌టీ మందులు వాడుతున్నవారు టీకాలు ఎలా వేయించుకోవాలి: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్ల కోసం

హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందుల కోసం నెలనెలా ఏఆర్‌టీ సెంటర్‌కి వెళ్తాం. బరువు చూస్తారు, డబ్బాలో మిగిలిన మాత్రలు లెక్కపెడతారు, దగ్గు, జ్వరం ఉన్నాయా అని అడుగుతారు, కొత్త డబ్బా ఇస్తారు. బస్సు తప్పిపోతుందేమోనని మనమూ గబగబా బయటపడతాం. నాది విజయనగరం జిల్లా. ఏఆర్‌టీ మొదలుపెట్టి పదకొండేళ్లు. నేను పన్ను తీయించుకోవడానికి వెళ్లినప్పుడు అక్కడి డాక్టరమ్మ "హెపటైటిస్ బి టీకా వేయించుకున్నావా అమ్మా?" అని అడిగింది. అంతకుముందు ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. లివర్‌ని పాడుచేసే ఆ జబ్బుకు అలాంటి టీకా ఒకటి ఉందని కూడా నాకు అప్పటికి తెలియదు.

సెంటర్ వాళ్లను తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. వాళ్ల దగ్గర మన మందులు, మన పరీక్షలు ఉంటాయి. పెద్దవాళ్లకు వేసే టీకాలు చాలావరకు అక్కడ దొరకవు. టీకా ఒకచోట, కిడ్నీ పరీక్ష ఇంకోచోట, ఆడవాళ్ల పరీక్ష మరోచోట. ఈ అన్ని చోట్లకీ తిరిగే మనిషి మనమే కాబట్టి కాగితాలు కలిపి పెట్టుకోవాల్సింది మనమే, అడగాల్సిందీ మనమే. ఏం అడగాలో, ఏ వరసలో అడగాలో నాకు తెలిసింది రాస్తున్నాను. ఇది పట్టుకెళ్లి మీ డాక్టరు గారి ముందు పెట్టండి. మీ ఒంటి సంగతి చూసి చివరి మాట ఆయన చెప్తారు.

మొదట రెండు అంకెలు

మీ సీడీ4, అంటే ఒంట్లో రోగనిరోధక శక్తి ఎంతుందో చెప్పే అంకె, ఎంత? మీ వైరల్ లోడ్, అంటే రక్తంలో హెచ్‌ఐవీ ఎంతుందో చెప్పే అంకె, ఎంత? ఈ రెండూ తెలియకుండా టీకాల జోలికి వెళ్లకండి. రెండూ సెంటర్‌లో ఇచ్చిన మీ ఆకుపచ్చ పుస్తకంలో రాసి ఉంటాయి. చదవడం రాకపోతే కౌన్సెలర్‌ని అడిగితే చెప్తారు. వైరల్ లోడ్ పరీక్ష మందులు మొదలుపెట్టిన ఆరు నెలలకు, ఏడాదికి చేస్తారు. ఆ తర్వాత ఏడాదికోసారి చేస్తారు. మీది ఏడాది దాటిపోయి ఉంటే ముందు ఆ పరీక్ష అడగండి.

సీడీ4 అంకెలో గుర్తు పెట్టుకోవాల్సింది 200. అంతకంటే తక్కువ ఉంటే లైవ్ టీకాలు వేయించుకోకూడదు. లైవ్ టీకాలో క్రిమి బతికే ఉంటుంది, కాకపోతే బలహీనం చేసి పెడతారు. ఆరోగ్యంగా ఉన్న ఒంట్లో అది ఏమీ చేయలేదు. రోగనిరోధక శక్తి బాగా పడిపోయిన ఒంట్లో అదే జబ్బుగా మారవచ్చు. తట్టు, గవదబిళ్లలకు వేసే ఎంఎంఆర్, ఆటలమ్మ టీకా, ఎల్లో ఫీవర్ టీకా, ముక్కులో కొట్టే ఫ్లూ టీకా, మింగే టైఫాయిడ్ మందు ఈ కోవలోవి. ముక్కులో కొట్టే ఫ్లూ టీకా మాత్రం సీడీ4 బాగున్నా మనకు వద్దు, సూదితో వేసేదే వేయించుకోవాలి.

మిగతావి చచ్చిన క్రిమితోనో, క్రిమిలోని చిన్న ముక్కతోనో చేసినవి. వాటితో జబ్బు రాదు. సీడీ4 తక్కువగా ఉంటే వాటి ఫలితం తగ్గుతుంది, అంతే. అందుకే ఎవరు ఏ సూది తీసినా మీరు అడగాల్సిన మాట ఒకటుంది: "సిస్టర్, ఇది లైవ్ వ్యాక్సినా?" నేను ప్రతిసారీ అడుగుతాను. ఒక్కరూ విసుక్కోలేదు.

ఇప్పుడు ఒక చిన్న నోటుబుక్కు కొనండి. ఆకుపచ్చ పుస్తకం ఏఆర్‌టీ కోసం, ఇది టీకాల కోసం. టీకా పేరు, తేదీ, ఎన్నో డోసు, తర్వాతి తేదీ రాయండి. నోటుబుక్కు మీద హెచ్‌ఐవీ అని రాయనక్కర్లేదు. ఇంట్లో వేరేవాళ్ల చేతికి చిక్కినా అది మామూలు టీకాల పుస్తకమే.

టీకాకు ముందు రక్త పరీక్షలు

ఒకసారి రక్తం ఇచ్చినప్పుడే ఇవన్నీ చేయించుకుంటే తిరుగుడు తప్పుతుంది: హెపటైటిస్ బి కోసం హెచ్‌బీఎస్ఏజీ, హెపటైటిస్ సి, కిడ్నీ పని ఎలా ఉందో చెప్పే క్రియాటినిన్, షుగర్, రక్తం శాతం. వీటిలో చాలావరకు ఏఆర్‌టీ సెంటర్ ఉన్న ఆసుపత్రిలోనే చేస్తారు. శ్రీకాకుళం వాళ్లకైతే మనం ఇప్పటికీ రిమ్స్ అని పిలిచే ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉంది. విజయనగరం వాళ్లకు టౌన్లో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. అక్కడా తేలకపోతే విశాఖ కేజీహెచ్‌కి రాస్తారు.

క్రియాటినిన్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం వాళ్లు ఈ భాగం రెండుసార్లు చదవండి.

మనలో ఎక్కువమంది వాడే మాత్రలో మూడు మందులు ఉంటాయి: టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్. మందు మంచిదే, కానీ టెనోఫోవిర్ కొంతమందికి కిడ్నీ మీద భారం వేస్తుంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాల్లో షుగర్, బీపీ లేనివాళ్లకు కూడా కిడ్నీలు పాడవుతున్నాయి. కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. అక్కడ పుట్టి పెరిగి టెనోఫోవిర్ వాడుతున్నవాళ్లు ఆరు నెలలకోసారి క్రియాటినిన్, మూత్ర పరీక్ష తప్పకూడదు. "మాది ఉద్దానం, మా ఇంట్లో ఫలానావాళ్లకు కిడ్నీ జబ్బు ఉంది" అని ఏఆర్‌టీ డాక్టరుకు మీ నోటితో చెప్పండి. ఆయన మీ ఊరి పేరు చూసి గ్రహిస్తారని ఊరుకోవద్దు. కిడ్నీ పని తగ్గితే టెనోఫోవిర్ బదులు అబాకవిర్ లాంటి మందుకు మారుస్తారు. అంటే దారి ఉంది, కాకపోతే ముందుగా తెలియాలి. డోలుటెగ్రావిర్ మొదలుపెట్టాక క్రియాటినిన్ అంకె కొద్దిగా పెరగడం మామూలే, అందువల్ల కిడ్నీకి దెబ్బ తగలదు. కాబట్టి రిపోర్టు చూసి టెన్షన్ పడి మీ అంతట మీరు మాత్రలు ఆపేయకండి.

ఇంకొకటి. కొబ్బరి తోటల్లో, జీడి తోటల్లో ఎండలో పనిచేసి నడుం నొప్పని ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి సూది వేయించుకుంటాం. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు అలవాటుగా వాడితే, టెనోఫోవిర్ కూడా ఉన్న ఒంట్లో కిడ్నీకి రెండు వైపుల నుంచీ దెబ్బ. నొప్పికి పారాసిటమాల్ చాలదనిపిస్తే డాక్టరును అడిగి వేసుకోండి. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం తెరిచారు, అనుమానం ఉంటే అక్కడ చూపించుకోవచ్చు. డయాలసిస్ దాకా వెళ్లే అవకాశం ఉన్నవాళ్లకైతే కింద చెప్పబోయే హెపటైటిస్ బి టీకా మరీ మరీ అవసరం.

హెపటైటిస్ బి: అన్నిటికంటే ముందు

మీకు ఒక్క టీకాకే డబ్బు, సమయం ఉంటే ఇదే వేయించుకోమంటాను. హెపటైటిస్ బి కూడా హెచ్‌ఐవీ వచ్చే దారుల్లోనే వస్తుంది, రక్తంతో, సెక్స్‌తో, తల్లి నుంచి బిడ్డకు. రెండూ కలిస్తే లివర్ త్వరగా పాడవుతుంది.

హెచ్‌బీఎస్ఏజీ పాజిటివ్ వస్తే మీకు ఆ వైరస్ ఇప్పటికే ఉంది, టీకా పనిచేయదు. కంగారు పడకండి. టెనోఫోవిర్, లామివుడిన్ రెండూ హెపటైటిస్ బి మీద కూడా పనిచేస్తాయి. ఒక్క జాగ్రత్త: అలాంటివాళ్లు ఏఆర్‌టీ ఉన్నట్టుండి ఆపేస్తే లివర్ మీద పెద్ద దాడి జరగవచ్చు. మందు మార్చాల్సి వచ్చినా "నాకు హెపటైటిస్ బి కూడా ఉంది" అని గుర్తు చేయండి. ఇంట్లోవాళ్లకు పరీక్ష చేయించి, లేనివాళ్లకు టీకా వేయించండి.

నెగెటివ్ వస్తే టీకా మొదలుపెట్టండి. మూడు డోసులు: మొదటిది, నెల తర్వాత రెండోది, మొదటి డోసు నుంచి ఆరు నెలలకు మూడోది. పెద్దవాళ్లకు మామూలు మోతాదు 20 మైక్రోగ్రాములు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు ఆ మోతాదు చాలకపోవచ్చని చాలామంది డాక్టర్లు 40 రాస్తారు, కొందరు నాలుగు డోసులు రాస్తారు. అది అడిగి తెలుసుకోండి. 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ మన దేశంలోనే ఈ టీకా తయారుచేయడం మొదలుపెట్టాక ధర బాగా దిగింది, ఇప్పుడు పెద్దవాళ్ల టీకాల్లో చవకైన వాటిలో ఇదొకటి. మీ ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా వేస్తారేమో ముందు అడగండి.

నేను రెండు డోసులు వేయించుకుని మూడోది మర్చిపోయాను. వరి కోతలు, మా అమ్మాయి పురుడు, ఇలా తొమ్మిది నెలలు దాటిపోయాయి. మళ్లీ మొదటి నుంచి వేయించుకోవాలేమోనని సిగ్గుపడి ఇంకో రెండు నెలలు వెళ్లలేదు. అక్కర్లేదట. ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి కొనసాగించడమే. మీరూ మధ్యలో ఆపి ఉంటే రేపే వెళ్లండి.

చివరి డోసు అయిన ఒకటి రెండు నెలలకు యాంటీ హెచ్‌బీఎస్ అనే పరీక్ష చేయించుకోవాలి. దీన్ని చాలామంది వదిలేస్తారు. టీకా వేసినంత మాత్రాన మన ఒంట్లో రక్షణ తయారైందని చెప్పలేం, ఈ పరీక్షే చెప్తుంది. అంకె 10 లేదా అంతకంటే ఎక్కువ వస్తే రక్షణ ఉన్నట్టు. తక్కువ వస్తే మళ్లీ ఒక వరస వేస్తారు, ఈసారి ఎక్కువ మోతాదుతో. నాకు మొదటిసారి 10 లోపే వచ్చింది. రెండో వరస తర్వాత సరిపోయింది.

న్యుమోనియా, ఫ్లూ

న్యుమోనియా టీకాలు రెండు రకాలు. ఒకటి పీసీవీ, ఇంకొకటి పీపీఎస్‌వీ23. ముందు పీసీవీ13 వేసి, కనీసం ఎనిమిది వారాలు ఆగి పీపీఎస్‌వీ23 వేస్తారు. రెండోది వేసేటప్పటికి సీడీ4 200 దాటి ఉంటే మంచిది, ఐదేళ్లకు ఇంకోసారి వేయమంటారు. పీసీవీ20 దొరికితే ఒక్క డోసుతో పని అయిపోతుంది. వీటి ధర వేలల్లో ఉంటుంది, దాచిపెట్టను. మనలో ఏఆర్‌టీ పింఛను అందుకుంటున్నవాళ్లు ఉన్నారు. ఆ డబ్బులోంచి నెలకు కొంత పక్కన పెట్టి వేయించుకున్న ఒక అన్నయ్య నాకు తెలుసు. పొగ తాగేవాళ్లు, ఉబ్బసం ఉన్నవాళ్లు, ఒకసారి న్యుమోనియాతో ఆసుపత్రిలో పడినవాళ్లు దీన్ని వెనక్కి నెట్టకండి.

ఫ్లూ టీకా ఏటా వేయించుకోవాలి, ఎందుకంటే వైరస్ ఏటా వేషం మారుస్తుంది. మన వైపు వానలతో పాటే జ్వరాలు మొదలవుతాయి కాబట్టి మే నెలాఖరులోపు వేయించుకోవడం మంచిది. "ఈ ఏడాది కొత్త స్టాకేనా?" అని అడిగి మరీ వేయించుకోండి.

ఇవి దొరికే చోటు గురించి ఒక ఉపాయం చెప్తాను. మన టౌన్లలో పెద్దల డాక్టర్ల దగ్గర టీకాలు పెద్దగా ఉండవు. పిల్లల డాక్టర్ల దగ్గర ఉంటాయి. ఫ్లూ, న్యుమోనియా, హెచ్‌పీవీ, టైఫాయిడ్ అన్నీ వాళ్ల ఫ్రిజ్‌లోనే ఉంటాయి. ఏఆర్‌టీ డాక్టరు చేత చీటీ రాయించుకుని, ఫోన్ చేసి, ఉందని చెప్పాక వెళ్లండి. మందుల షాపులో కొని సంచిలో వేసుకుని ఎండలో బస్సెక్కకండి. టీకా 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. ఎక్కడ ఫ్రిజ్‌లోంచి తీస్తారో అక్కడే వేయించుకోవాలి.

మిగిలినవి

ధనుర్వాతం, కంఠసర్పి కలిపి వేసే టీడీ పదేళ్లకోసారి. మన దేశంలో పాత టీటీ స్థానంలో ఇప్పుడిదే వేస్తున్నారు. పీహెచ్‌సీలో అడగండి. పొలం పని, వల పని, తాపీ పని చేసేవాళ్లు గాయమయ్యాక పరుగెత్తకుండా ముందే వేయించుకుంటే నయం. టైఫాయిడ్‌కి సూది టీకా ఉంది, ఒక్క డోసు. అక్కి, అంటే నరం వెంబడి వచ్చే పొక్కుల జబ్బు మనకు ఎక్కువగా వస్తుంది. దానికి లైవ్ కాని టీకా మన దేశంలోనూ దొరుకుతోంది, రెండు డోసులు, కానీ బాగా ఖరీదు.

కుక్క కరిస్తే మాత్రం ఆలస్యం పనికిరాదు. ధారగా పారే నీళ్లతో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం పెట్టకండి. అదే రోజు ఆసుపత్రికి వెళ్లి మొదటి సూది వేయించుకోండి, మిగతా సూదులన్నీ వాళ్లు చెప్పిన తేదీల్లో పూర్తి చేయండి. గోరు గీసుకుని రక్తం రాకపోయినా, మన లాంటి వాళ్లకు టీకాతో పాటు గాయం దగ్గర ఇచ్చే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా ఇవ్వాలి. అందుకే అక్కడి డాక్టరుకు మీ స్థితి ఒక్కరికి, చెవిలో అయినా సరే, చెప్పండి.

ఆడవాళ్లకు

అక్కలూ, చెల్లెళ్లూ, ఇది మనం మాట్లాడుకోం, అందుకే ఆలస్యమవుతుంది. హెచ్‌ఐవీ ఉన్న ఆడవాళ్లకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఇతరులకంటే ఆరు రెట్లు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. క్యాన్సర్‌గా మారకముందే పట్టుకోగలిగిన జబ్బు కూడా ఇదే. పరీక్ష 25 ఏళ్ల నుంచే మొదలుపెట్టి కనీసం మూడేళ్లకోసారి చేయించుకోవాలి. "మాకు ఏ బాధా లేదు కదా" అనొద్దు. బాధ మొదలయ్యేసరికి చాలా దూరం వెళ్లిపోయి ఉంటుంది.

పరీక్ష ఎలా ఉంటుందంటే, పడుకోబెట్టి, లోపల వెనిగర్ లాంటి ద్రవం దూదితో అద్ది, ఒక్క నిమిషం ఆగి చూస్తారు. తెల్లగా మారితే ఇంకో పరీక్షకు పంపుతారు. మొత్తం ఐదు, పది నిమిషాలు. కొంచెం ఇబ్బందిగా ఉంటుంది, నొప్పి పెద్దగా ఉండదు. నెలసరి రోజుల్లో వెళ్లకండి. ప్రభుత్వ ఆసుపత్రిలో స్త్రీల ఓపీకి వెళ్లి వీఐఏ పరీక్ష అని అడగండి, లేదా పాప్ స్మియర్ అనండి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు మా వదినను తోడు తీసుకెళ్లాను. ఇప్పుడు ఇద్దరం చేయించుకుంటున్నాం.

ఈ క్యాన్సర్‌కి కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్‌కి టీకా ఉంది. 9 నుంచి 26 ఏళ్ల మధ్య బాగా పనిచేస్తుంది, 45 లోపు వాళ్లు డాక్టరుతో మాట్లాడి వేయించుకోవచ్చు. మామూలు పిల్లలకు ఒకటి రెండు డోసులు చాలంటారు, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు మూడు కావాలి. పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ 2023లో సర్వావ్యాక్ పేరుతో దేశీయ టీకా తెచ్చింది. గర్భంతో ఉన్నప్పుడు వేయించుకోకూడదు. టీకా వేయించుకున్నా పరీక్ష మానొద్దు.

గర్భిణులు ఆశా అక్కకు ఎంత చెప్పాలో మీ ఇష్టం, కానీ పురుడు పోసే డాక్టరుకు మాత్రం చెప్పి తీరాలి. టీడీ, ఫ్లూ టీకాలు గర్భంలో వేయించుకోవచ్చు. బిడ్డకు బీసీజీ, పోలియో చుక్కలు వేసే ముందు "నేను ఏఆర్‌టీ వాడుతున్నాను" అని పిల్లల డాక్టరుకు చెప్పండి. ఆ రెండూ లైవ్ టీకాలే. వేయాలో, ఆగాలో బిడ్డ పరిస్థితి చూసి వాళ్లు చెప్తారు. బిడ్డకు ఆరు వారాలప్పుడు చేసే హెచ్‌ఐవీ పరీక్ష దాటిపోనివ్వకండి.

టీబీ: ప్రతి నెలా నాలుగు ప్రశ్నలు

హెచ్‌ఐవీ ఉన్నవాళ్లను ఎక్కువగా బలి తీసుకునే జబ్బు టీబీ. పెద్దవాళ్లను దాని నుంచి కాపాడే మంచి టీకా ఇంకా రాలేదు. చిన్నప్పుడు వేసిన బీసీజీ మీద ఆధారపడలేం. కానీ రాకుండా ఆపే మాత్రలున్నాయి.

దగ్గు ఉందా? జ్వరం ఉందా? బరువు తగ్గావా? రాత్రిళ్లు చెమటలు పడుతున్నాయా? సెంటర్‌లో ఈ నాలుగూ అడిగినప్పుడు బస్సు తొందరలో "ఏం లేదండీ" అనేస్తాం. దయచేసి అలా అనకండి. మామూలువాళ్లకు రెండు వారాల దగ్గును లెక్కలోకి తీసుకుంటారు, మనకైతే ఒక్క రోజు దగ్గైనా లెక్కే. నెల్లిమర్ల వైపు జూట్ మిల్లులో పనిచేసినవాళ్లు దుమ్ము దగ్గనుకుంటారు, పలాసలో జీడిపిక్కలు కాల్చే చోట పనిచేసేవాళ్లు పొగ దగ్గనుకుంటారు. కావచ్చు. అయినా కళ్లె పరీక్ష చేయించండి. సీబీనాట్ లేదా ట్రూనాట్ యంత్రంలో పెడితే త్వరగా తేలుతుంది, మందు పనిచేస్తుందో లేదో కూడా చెప్తుంది. టీబీ అని తేలితే మందులు ఉచితం. ప్రభుత్వ నిక్షయ్ పోషణ్ పథకం కింద తిండి కోసం నెలకు 1,000 రూపాయలు ఖాతాలో వేస్తారు. టీబీ మందుల్లో రిఫాంపిసిన్ ఉంటే డోలుటెగ్రావిర్ రోజుకు రెండుసార్లు వేసుకోవాలి, కాబట్టి రెండు చోట్లా రెండో జబ్బు సంగతి చెప్పాలి.

నాలుగు ప్రశ్నలకూ నిజంగానే "లేదు" అయితే, టీబీ రాకుండా వేసే మాత్రలు మీకు ఇచ్చారా అని చూసుకోండి. ఐసోనియాజిడ్ 300 మిల్లీగ్రాములు ఆరు నెలలు రోజూ వేసుకునే పద్ధతి ఉంది. వారానికోసారి చొప్పున 12 వారాలు వేసుకునే 3హెచ్‌పీ ఇంకోటి. ఐసోనియాజిడ్‌తో కాళ్లూ చేతులూ తిమ్మిర్లు ఎక్కకుండా బీ6 మాత్ర ఇస్తారు, దాన్ని "ఇది విటమినే కదా" అని పక్కన పెట్టకండి. ఈ మాత్రలు వాడుతున్నప్పుడు కళ్లు పచ్చబడినా, వాంతులైనా, మూత్రం ముదురు రంగులో వచ్చినా వెంటనే వెళ్లి చూపించుకోవాలి. ఆ రోజుల్లో సారా, బ్రాందీ పూర్తిగా మానేయాలి. లివర్‌కి రెండు బరువులు మోయడం కష్టం.

సీడీ4 350 లోపు ఉంటే సెప్ట్రాన్ అనే కోట్రైమాక్సజోల్ మాత్ర కూడా ఇస్తారు. ఒకరకం న్యుమోనియా, మెదడులో వచ్చే కొన్ని జబ్బులు రాకుండా ఆపుతుంది. సల్ఫా మందులు పడవని మీకు ముందే తెలిస్తే చెప్పండి. ఒంటి మీద దద్దుర్లు వస్తే మాత్ర ఆపి వెంటనే సెంటర్‌కి వెళ్లండి.

మాత్రతో పడని మాత్రలు

ఐరన్, కాల్షియం మాత్రలు, గ్యాస్‌కి తాగే తెల్లటి సిరప్పులు డోలుటెగ్రావిర్‌ని ఒంటికి పట్టనివ్వవు. మన మాత్ర వాటికి రెండు గంటల ముందు, లేదా ఆరు గంటల తర్వాత వేసుకోవాలి. ఐరన్, కాల్షియం అయితే అన్నంతో పాటు కలిపి వేసుకోవచ్చు. సిరప్పులకు ఆ వెసులుబాటు లేదు. పాంటప్రజోల్ లాంటి గ్యాస్ మాత్రలతో ఇబ్బంది లేదు. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు ఏఆర్‌టీ డాక్టరుకు చెప్పాలి, డోలుటెగ్రావిర్ దాని మోతాదును ఒంట్లో పెంచుతుంది.

ఊరు వదిలి పనికి వెళ్లేవాళ్లు

వేటకు గుజరాత్‌లోని వేరావల్ వెళ్లే మత్స్యకారులు, చెన్నై, హైదరాబాద్ కట్టడాలకు వెళ్లేవాళ్లు సంక్రాంతికి ఊరొస్తారు. ఆ పది రోజుల్లోనే వైరల్ లోడ్, క్రియాటినిన్, టీకా డోసు అన్నీ ముగించుకునేలా ముందే ఫోన్‌లో తేదీ పెట్టించుకోండి. హెపటైటిస్ బి రెండో డోసు పనిచేసే ఊళ్లోనే వేయించుకోవచ్చు, మీ నోటుబుక్కు వెంట ఉంటే చాలు. ఎక్కువ నెలలు ఉండాల్సి వస్తే అక్కడి ఏఆర్‌టీ సెంటర్‌కి మార్పు రాయించుకోండి.

తుఫాను కాలం సంగతి కూడా చెప్పాలి. 2018 అక్టోబరులో తిత్లీ పలాస వైపు తీరం దాటినప్పుడు రోడ్లు, కరెంటు రోజుల తరబడి లేవు. సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా కనీసం పదిహేను రోజుల మాత్రలు అదనంగా చేతిలో ఉండేలా అడగండి. మాత్రలు, ఆకుపచ్చ పుస్తకం, టీకాల నోటుబుక్కు ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఎత్తులో పెట్టండి.

ఎవరికి చెప్పాలి, ఎంత చెప్పాలి

ఒక ప్రైవేటు క్లినిక్‌లో టీకా కోసం కూర్చున్నాను. చీటీ చూసిన అమ్మాయి అందరి ముందూ నా జబ్బు పేరు గట్టిగా చదివింది. బయటికి వచ్చేశాను, ఆ రోజు టీకా వేయించుకోలేదు. ఇప్పుడైతే అలా వచ్చేయను. 2017లో చేసిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉంది. మన అనుమతి లేకుండా మన స్థితిని బయటపెట్టడం, మనకు వైద్యం నిరాకరించడం ఆ చట్టం ప్రకారం తప్పు. అది గుర్తుంటే గొంతు వణకదు.

టీకా వేసే చోట ఇలా చెప్పి చూడండి: "డాక్టర్ గారూ, నాకు రోగనిరోధక శక్తి తగ్గే జబ్బు ఉంది, మందులు వాడుతున్నాను. సీడీ4 ఇంత, వైరల్ లోడ్ కనబడటం లేదు. లైవ్ వ్యాక్సిన్ కాకపోతే వేయండి." చాలాచోట్ల ఇంత చాలు. ఆపరేషన్, పురుడు, టీబీ, కిడ్నీ, కుక్కకాటు విషయాల్లో మాత్రం జబ్బు పేరు డాక్టరుకు నేరుగా చెప్పండి. ఇరుగుపొరుగుకి చెప్పనక్కర్లేదు. ఏ సందేహం వచ్చినా, ఊళ్లో ఎవరినీ అడగలేకపోయినా హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి. డబ్బు పడదు.

టీకా రోజు

ఖాళీ కడుపుతో వెళ్లకండి, చోడి అంబలో, ఇడ్లీయో తిని వెళ్లండి. ఏఆర్‌టీ మాత్ర ఎప్పటిలాగే వేసుకోండి, టీకా కోసం ఆపే పని లేదు. గట్టి జ్వరం ఉంటే తగ్గాక వెళ్లండి, కొంచెం జలుబు ఉన్నా ఫరవాలేదు. దగ్గర్లో వైరల్ లోడ్ పరీక్ష ఉంటే ముందు దానికి రక్తం ఇచ్చి తర్వాత టీకా వేయించుకోండి. టీకా అయ్యాక కొందరికి ఆ అంకె కొద్ది రోజులు పైకి పోతుంది, అందుకే మధ్యలో నాలుగు వారాల ఎడం ఉంచితే మేలు.

సూది వేశాక అరగంట అక్కడే కూర్చోండి. ఊపిరి ఆడకపోయినా, ముఖం వాచినా అక్కడే చూస్తారు. చెయ్యి నొప్పి, ఒకటి రెండు రోజులు జ్వరం వస్తే పారాసిటమాల్ చాలు. మూడో రోజుకీ జ్వరం తగ్గకపోతే టీకా వల్లేలే అని ఊరుకోకుండా చూపించుకోండి. ఆ అరగంటలో నోటుబుక్కు తీసి టీకా పేరు, తేదీ రాసి, సీసా మీద ఉన్న స్టిక్కర్ ఇస్తే పక్కన అంటించండి. తర్వాతి తేదీ సిస్టర్ చేతే రాయించుకుని, ఆ తేదీనే ఫోన్‌లో అలారం పెట్టుకోండి.